తిమింగలాలనుకుని వెళ్తే తాబేళ్లు: గార తీరంలో నా సీజన్ ఉద్యోగం

ఎమ్మెస్సీ జువాలజీ, ఆ తర్వాత బీఎడ్ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే, డీఎస్సీకి చదువుతున్నానని చుట్టాలకు చెప్పుకునే ఖాళీ. 2024 నవంబరు మొదటి వారంలో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పడింది. ఒక స్వచ్ఛంద సంస్థకి శ్రీకాకుళం, విజయనగరం తీరంలో డిసెంబరు నుంచి మే దాకా పనిచేయడానికి ఫీల్డ్ అసిస్టెంట్లు కావాలట. సముద్ర తాబేళ్ల సంరక్షణ, ఒడ్డుకు కొట్టుకొచ్చే తిమింగలాలు, డాల్ఫిన్ల వివరాలు సేకరించడం, బడుల్లో పిల్లలకు అవగాహన కల్పించడం, ఇదీ పని.

నేను తిమింగలాలు అన్న చోటే ఆగిపోయాను. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకు తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు వచ్చిన ఫొటోలు నా ఫోన్లో ఇంకా ఉన్నాయి. జనం దాని చుట్టూ నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. అది ఏ జాతిదో, ఎందుకు చచ్చిందో ఎవరు చూస్తారా అని అప్పట్లో అనుకున్నాను. చూసేవాళ్లకే ఇప్పుడు మనుషులు కావాలంటున్నారని అదే రాత్రి దరఖాస్తు పెట్టేశాను.

తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. నేను ఆశ వదిలేసుకున్నాక నవంబరు చివర్లో ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూ అని చెప్పలేదు, ఫోన్లోనే అయిపోయింది. రాత్రిపూట ఇసకలో ఆరేడు కిలోమీటర్లు నడవగలవా? బండి నడపడం వచ్చా? ఇంట్లో ఒప్పుకున్నారా? మత్స్యకార గ్రామాల్లో మాట కలపగలవా? అంతే. నేను రాత్రంతా కూర్చుని చదివిన సిటేసియన్ (తిమింగలాలు, డాల్ఫిన్ల) వర్గీకరణ ఎవరికీ అక్కర్లేదు.

నెలకు 14 వేలు, అదీ గౌరవ వేతనం. అద్దె మనదే. పెట్రోలుకు బిల్లులు పెడితే నెలకు 2 వేల వరకు ఇస్తారు. అమ్మకు చెప్తే మొదట అడిగిన మాట, "రాత్రుళ్లు సముద్రం ఒడ్డున నీకేటి పని?" నాన్న జీతం గురించి అడిగి ఊరుకున్నారు. చివరికి, ఊళ్లో ఒక కుటుంబం ఇంట్లోనే ఉంటానని, రాత్రి గస్తీకి నాతో పాటు ఆ ఊరి మనుషులిద్దరు ఉంటారని సంస్థవాళ్లే అమ్మతో మాట్లాడాక ఒప్పుకుంది. అమ్మాయిలు ఎవరైనా వెళ్లాలనుకుంటే ఈ ఫోన్ వాళ్లచేత ముందే చేయించండి. నాకు పది రోజుల పోట్లాట తప్పేది.

డిసెంబరు రెండో వారంలో విశాఖపట్నంలో శిక్షణ. అందులో ఒక పూట మాత్రం నేను కలలుగన్న చదువు. తిమింగలం ఒడ్డుకొస్తే ముందు చేయాల్సింది జనాన్ని దూరంగా నిలబెట్టడం. కుళ్లిన కళేబరం లోపల గ్యాసు పట్టి ఉంటుంది, కత్తి పెడితే పేలొచ్చు. పొడవు కొలిచేటప్పుడు టేపుని ఒంటి వంపు మీదుగా లాగకూడదు. పై దవడ కొన నుంచి తోక మధ్యనున్న నొక్కు దాకా తిన్నగా కొలవాలి. గొంతు కింద మడతలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. మూతి మీద పొడుగునా మూడు గట్లు తేలి కనిపిస్తే అది బ్రైడ్స్ తిమింగలం. చర్మం ముక్క తీయాలంటే అధికారులు ఉండాలి, మనంతట మనం గోరు కూడా పెట్టకూడదు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులివి, చచ్చాక కూడా అదే చట్టం. ఒడ్డున దొరికిందని అంబర్‌గ్రిస్ (తిమింగలం పేగుల్లో తయారయ్యే మైనం లాంటి ముద్ద) ఇంట్లో దాచుకున్నా కేసే.

శిక్షణ ఇచ్చినాయన ఇవన్నీ చెప్పి, ప్రొజెక్టర్ ఆపుతూ అన్నారు: "మన తీరంలో తిమింగలాల మీద పనంటే ఎక్కువగా చచ్చినవాటి మీద పని. మీ సీజన్లో ఒకటి రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. తాబేళ్లు మాత్రం రోజూ వస్తాయి." ఆ వాక్యంలో రెండో సగం అప్పుడు నాకు పట్టలేదు.

నన్ను గార మండలంలో, కళింగపట్నానికి దక్షిణంగా ఉన్న ఒక మత్స్యకార గ్రామానికి వేశారు. విజయనగరం జిల్లా భోగాపురం వైపు వేస్తే ఇంటికి దగ్గరని అడిగాను గానీ అక్కడ తీరమే తక్కువ, మనుషులు సరిపోయారన్నారు. ఒక ఇంట్లో ముందు గది దొరికింది, కరెంటుతో కలిపి 2,500. ఆ ఇంటావిడను మొదటి రోజు నుంచీ పిన్నీ అనే పిలిచాను. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం ఏ వలలో ఏది పడితే ఆ పులుసు. భోజనానికి నెలకు 3 వేలు ఇస్తానంటే ముందు తీసుకోలేదు, తర్వాత రెండు వేలకి ఒప్పుకుంది. మరుగుదొడ్డి పక్కింట్లో. చిన్న విషయమే గానీ రాత్రి రెండింటికి గస్తీ నుంచి వచ్చినప్పుడు పక్కింటి కుక్కతో స్నేహం చేసుకోవాల్సి వచ్చింది.

సామాను సంగతి. గమ్ బూట్లు కొనమన్నారు, 480 పెట్టి కొన్నాను, ఇసకలో ఒక్క రాత్రి నడిస్తే మడమలు ఒరిసిపోయాయి. ఆ తర్వాత సీజనంతా వెనక పట్టీ ఉన్న చెప్పులే. తలకు కట్టుకునే లైటు 650. దానిమీద అంటించడానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం పది రూపాయలు. తెల్ల లైటు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. అన్నింటికంటే పనికొచ్చినది ఆ పది రూపాయల కాగితమే.

అటవీ శాఖ అనుమతి కాగితం చేతికి రాకుండా గుడ్డు ముట్టుకోవడానికి లేదు. అది డిసెంబరు ఆఖరికి వస్తుందన్నారు, సంక్రాంతి దాటాక వచ్చింది. ఈలోపు హేచరీ, అంటే గుడ్లు పొదిగించే కంచె, కట్టాం. ఆటుపోట్ల నీరు చేరని ఎత్తు చోటు చూసి, ఇసక తవ్వి, జల్లెడ పట్టి, వేళ్లూ గాజు పెంకులూ ఏరి మళ్లీ నింపాలి. చుట్టూ సరుగుడు కర్రలు, వల, పైన ఎండ ఆపే ఆకుపచ్చ గుడ్డ. పాత గుడ్ల కుళ్లు ఇసకలో ఉండిపోతుందని కిందటేడు వాడిన చోట మళ్లీ వేయరు. వలకి డబ్బు పెట్టలేదు, ఊళ్లో చిరిగిన వలలకు కొదవ లేదు.

జనవరి మొదలయ్యాక తాబేళ్లు వచ్చాయి. చచ్చినవి.

ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఉదయం ఐదున్నరకి బయల్దేరి మాకిచ్చిన తీరం పొడవునా నడవాలి. కళేబరం కనబడితే చోటు జీపీఎస్‌లో నమోదు చేయాలి, డొప్ప పొడవు వంపు మీదుగా టేపుతో కొలవాలి. తిమింగలానికి తిన్నగా, తాబేలుకు వంపు మీదుగా, మొదట్లో నోట్లో జపం చేసుకుంటూ నడిచేదాన్ని. తోక డొప్ప దాటి పొడుగ్గా బయటికుంటే మగది, పొట్టిగా ఉంటే ఆడది. దెబ్బలున్నాయా, మెడకు వల దారం చుట్టుకుందా రాసుకోవాలి. రేపు ఇంకొకరు ఇదే తాబేలును మళ్లీ లెక్కపెట్టకుండా డొప్ప మీద ఎర్ర పెయింటు గీత గీయాలి. తర్వాత గొయ్యి తీసి పూడ్చాలి. పెద్దది 40 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరం కలిసి ఈడ్చేవాళ్లం. ఆలివ్ రిడ్లే తాబేళ్లే అన్నీ.

మొదటి వారం ముక్కు కింద విక్స్ రాసుకున్నాను. అది పనిచేయదు, వాసనకు విక్స్ తోడవుతుందంతే. అన్నం దగ్గర కూర్చుంటే చేతుల్లో ఆ వాసనే. పిన్ని చూసి ఏమీ అనకుండా చింతపండు పిప్పి, ఉప్పు ఇచ్చి చేతులు రుద్దుకోమంది. చేపలు కోసే చేతుల చిట్కా అది, పనిచేసింది.

నన్ను కుదిపినది వాసన కాదు. చాలావాటి ఒంటి మీద గాయమే లేదు. తాబేలు ఊపిరితిత్తులతో బతికే జీవి, నీళ్లలో ఎంత సేపున్నా గాలికి పైకి రావాల్సిందే. ట్రాలర్ అనే మర పడవ ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడ్చుకుపోతుంటే అందులో చిక్కినది పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. ఆడవాటిని కొన్నింటిని అధికారుల ముందు కోసి చూస్తే లోపల గుడ్లు. గుడ్లు పెట్టడానికి వచ్చి ఒడ్డుకు అరగంట దూరంలో ఆగిపోయినవి. ఆ రోజు నేను ఫారంలో 'గుడ్లు ఉన్నాయి' అన్న గడిలో టిక్ పెట్టి, గదికొచ్చి పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు.

మరి ట్రాలర్లు ఎవరివి? మేమున్న ఊళ్లో ఒక్కటీ లేదు. అందరివీ తెప్పలు, ఫైబర్ బోట్లు, అలివి వలలు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ మత్స్యకారులదేనని 1994 నాటి మన రాష్ట్ర చట్టం చెబుతోంది. రాత్రి ఒడ్డున నిలబడి చూస్తే లైట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో ఎవరికైనా కనబడుతుంది. "మా సేపలు పోయినాయని మేం ఏడుస్తంటే, నువ్వు తాబేళ్లు పోయినాయని ఏడుస్తన్నావా అమ్మా" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఒక తాత. ఎత్తిపొడుపనుకున్నాను. కాదు, ఆయన లెక్కలో రెండూ ఒకే ఏడుపు.

వలలో తాబేలు తప్పించుకునే కిటికీ ఒకటి ఉంది, టెడ్ అంటారు. ఇనప కడ్డీల చట్రం. రొయ్యలు, చేపలు కడ్డీల మధ్య నుంచి లోపలికి పోతాయి, తాబేలు కడ్డీకి తగిలి పైనున్న దారి గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన బోట్లకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది కూడా. అది వాడట్లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యలు కొనడం మానేసింది. విశాఖ హార్బర్‌కి ఒకసారి మమ్మల్ని తీసుకెళ్తే ఒక బోటు యజమాని చట్రాన్ని చేత్తో తట్టి, "దీంట్లోంచి తాబేలు పోద్ది, దాంతో పాటు నా డీజిలు డబ్బులూ పోతాయి" అన్నాడు. ఆయనతో వాదించేంత సరుకు నా దగ్గర లేదు.

బతికున్న తాబేలును మొదటిసారి జనవరి ఆఖర్లో చూశాను. రాత్రి ఒంటిగంట దాటింది. ముందు నడుస్తున్న అన్న చెయ్యెత్తి ఆపాడు. ఇసక మీద పొట్ట ఈడ్చిన నునుపు, దానికి రెండు పక్కలా కాళ్లతో తోసుకున్న అడ్డగీతలు. జాడ పైకి వెళ్లింది గానీ కిందికి దిగలేదు. అంటే పైనే ఉంది. మేం బోర్లా పడుకున్నాం. వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి ఇసక తోడుతూ, అడుగున వెడల్పుగా, పైన మెడ సన్నగా గొయ్యి తీసింది. గుడ్లు రెండేసి, మూడేసి పడుతున్నాయి. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథి పని అని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. పక్కనున్న అన్న మాత్రం చెప్పులు విప్పి పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. శ్రీకూర్మం మాకు బండి మీద అరగంట దూరం. కూర్మనాథుడి మండలంలో తాబేలంటే అంతే. వలలో పడితే పసుపు, కుంకుమ రాసి వదిలేసేవాళ్లమని ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

అది వెళ్లాక మా పని. గుడ్లు ఉన్నచోటే వదిలేస్తే కుక్కలు, నక్కలు తెల్లారేలోపు తవ్వేస్తాయి. అందుకే హేచరీకి మార్చాలి, అదీ గంటల్లోనే. గుడ్డు పెంకు మెత్తగా ఉంటుంది, నొక్కితే సొట్ట పడుతుంది. తీసేటప్పుడు తిప్పకూడదు, కుదపకూడదు. బకెట్లో తడి ఇసక వేసి, లెక్కపెడుతూ పేర్చాలి. ఒక గూట్లో సుమారుగా వంద, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హేచరీలో అడుగున్నర లోతు గొయ్యి తీసి అదే తీరున పెట్టి, తేదీ, లెక్క రాసిన పలక గుచ్చాలి. బకెట్ పట్టుకుని ఇసకలో మూడు కిలోమీటర్లు కుదుపు లేకుండా నడవడం ఈ ఉద్యోగంలో అసలు కష్టం. మర్నాడు భుజాలు పైకి లేవవు.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది. మొదటి నెల జీతం ఫిబ్రవరి మూడో వారంలో పడింది. అప్పటిదాకా ఇంటి నుంచి తెచ్చుకున్నదే. పెట్రోలుకు నెలకు మూడు వేలు తక్కువ కాలేదు, ఇచ్చింది రెండు. బంకు రసీదుల మీద అక్షరాలు రెండు వారాలకే చెరిగిపోతాయి. తెల్ల కాగితాలు పంపితే బిల్లు చెల్లదన్నారు. రసీదు చేతికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి.

ఫిబ్రవరిలో బడులు మొదలయ్యాయి. మండల విద్యాశాఖాధికారి కాగితం కోసం తిరగడానికే పది రోజులు పోయాయి. మార్చిలో టెన్త్ పరీక్షలు కాబట్టి పదో తరగతి వద్దన్నారు, ఆరు నుంచి తొమ్మిది. సంస్థ ఇచ్చిన ప్రజెంటేషన్ ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగులోకి మార్చుకుని వెళ్తే మొదటి బడిలోనే కరెంటు పోయింది.

ఆ రోజు బోటు తాడు కాపాడింది. ఊళ్లో అడిగి తెచ్చిన తాడును 30 మీటర్లు కొలిచి బడి మైదానంలో పరిచాను. నీలి తిమింగలం పెద్దదైతే సుమారు ఇంత ఉంటుందని చెప్పి, తాడు పొడవునా చేతులు చాపి నిలబడమన్నాను. ఆరో తరగతి పిల్లలందరూ నిలబడ్డాక కూడా తాడు మిగిలింది. ఏడో తరగతి నుంచి మనుషుల్ని అప్పు తెచ్చుకున్నాం. ఇంత పెద్దది ఏం తింటుందో చెప్పమంటే సొరచేప అన్నారు, మనుషుల్ని అన్నారు. చిన్న చిన్న రొయ్యల జాతివి అనేసరికి గోల. అప్పటి నుంచి ప్రొజెక్టర్ మోసుకెళ్లడం మానేశాను. ప్రతి బడికీ తాడే.

మత్స్యకారుల పిల్లలున్న బడిలో ఒక అమ్మాయి, ఏడో తరగతి, పాఠం అయిపోయాక వచ్చి మెల్లిగా అడిగింది: "మేడమ్, మా నాన్న వలలో తాబేలు పడితే మా నాన్నని పట్టుకుపోతారా?" పక్కనున్న నలుగురూ నా మొహమే చూస్తున్నారు. వాళ్లందరి ప్రశ్నా అదేనని అర్థమైంది. చట్టం గురించి నేను చెప్పిన మాటల్లో వాళ్లకు చేరింది అదొక్కటే. వేటాడితే, అమ్మితే, దాస్తే తప్పు. పొరపాటున పడితే ప్రాణంతో వదిలేయమని నాన్నకు చెప్పు, ఎవరూ పట్టుకోరు అన్నాను. "వల కొయ్యాలి గదా. వల ఎవరు కొనిస్తారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం ఇది వల తాతకు చెప్తే ఆయన నవ్వి, గుజరాత్ సంగతి ఎత్తాడు. మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది ఏటా అక్కడి వెరావల్ రేవుకు వలస పోయి బోట్ల మీద పనిచేస్తారు కదా, తాత కూడా వయసులో ఉండగా ఏళ్లకేళ్లు చేశాడట. అక్కడ ఒకప్పుడు తిమింగలపు సొరను (వేల్ షార్క్ అనే పెద్ద చేపను) నూనె కోసం, మాంసం కోసం పట్టేవాళ్లు. 2001లో దాన్ని చట్టం కిందికి తెచ్చారు, 2004లో పెద్ద ప్రచారం మొదలైంది. రామకథలు చెప్పే మొరారి బాపు తన కథల్లో చెప్పాడు: ఈ సొర మన తీరానికి పురుడు కోసం పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల, దాని జోలికి వెళ్లకండి అని. ఆ మాట పనిచేసింది. దానికి తోడు, సొర కోసం వల కోసి వదిలేస్తే ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. "మా సేటు ఓసారి కోయించినాడు. ఫొటో తీసి పంపినాడు. డబ్బులు ఒచ్చీసినాయి. ఇక్కడా అలగే ఇయ్యమను, మేం కొయ్యమంటామా?" అన్నాడు తాత.

మర్నాటి బడి నుంచి నా పాఠం మారిపోయింది. చట్టం, శిక్షలు చివరికి పోయాయి. పుట్టిన ఒడ్డుకే తిరిగొచ్చి గుడ్లు పెట్టే తాబేలును పుట్టింటికొచ్చిన ఆడపడుచని చెప్తే పిల్లలకు ఇంకేమీ వివరించక్కర్లేదు. వల పరిహారం గురించి తాత అన్నది మాత్రం నా నెలవారీ నివేదికలో ప్రతిసారీ రాశాను. ఎవరైనా చదివారో లేదో.

మార్చి మధ్యలో ఒక ఉదయం, పక్క ఊరి నుంచి ఫోన్. "తిమింగలం ఒచ్చీసిందమ్మా, రండి!" నేను బండి మీద ఎలా వెళ్లానో నాకే తెలీదు. టేపు, ఫారం, చేతి తొడుగులు, అన్నీ సంచిలో డిసెంబరు నుంచి సిద్ధంగానే ఉన్నాయి. వెళ్లి చూస్తే ఏడడుగుల డాల్ఫిన్. చచ్చి రెండు మూడు రోజులై ఉంటుంది. ఒక్క క్షణం నిరాశ పడ్డ మాట నిజం. ఆ తర్వాత రెండు గంటలు మాత్రం శిక్షణలో నేర్చినదంతా వరుసగా చేశాను: జనాన్ని వెనక్కి పంపడం, తలవైపు నుంచి, పక్క నుంచి ఫొటోలు, దవడ కొన నుంచి తోక నొక్కు దాకా కొలత, వీపు మీది రెక్క ఎత్తు, ఒక్కో దవడలో పళ్ల లెక్క. తోక మొదట్లో వల దారం కోసుకుపోయిన గుర్తు. అటవీ శాఖ వాళ్లు, పశువుల డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. గొయ్యి తీయడానికి జేసీబీకి డబ్బులు ఎవరివ్వాలన్న చర్చలో ఇంకో గంట. చివరికి ఊరి కుర్రాళ్లే పారలతో తవ్వారు, వాళ్లకి టీలు, పకోడీలు నా ఖర్చు, 340 రూపాయలు. దానికి బిల్లు లేదు.

మార్చి చివరి వారం నుంచి గూళ్లు విచ్చుకోవడం మొదలైంది. గుడ్డు పెట్టిన 45 నుంచి 55 రోజుల మధ్య పిల్లలు వస్తాయి. ఇసక వేడిని బట్టి రోజులు మారతాయి, రోజులే కాదు, ఆడా మగా కూడా. సుమారు 29, 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది ఆ గీత. వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఇంకా వేడెక్కితే ఎవరూ ఉండరు, లోపలే చస్తాయి. ఏప్రిల్ ఎండలకి రోజుకి నాలుగుసార్లు థర్మామీటరు చూసి, ఎండ గుడ్డ రెండో పొర వేసేవాళ్లం.

పిల్లలు రాత్రిపూట, ఇసక చల్లబడ్డాక పైకి వస్తాయి. వచ్చిన వెంటనే వదిలేయాలి. అదీ నీళ్లలో వేయకూడదు, ఇసక మీద వదిలితే వాటంతటవే పాక్కుంటూ పోవాలి. వెలుగున్న దిక్కే సముద్రమని వాటి లెక్క, అందుకే ఊరి లైట్లు చూసి వెనక్కి తిరిగేవి కొన్ని ఉంటాయి. ఆ ఇరవై నిమిషాలు పట్టీపట్టనట్టు నిలబడటం ఎవరివల్లా కాదు. పిన్ని కూడా వచ్చింది ఒక రాత్రి. నలభై ఏళ్లుగా ఆ ఒడ్డున ఉన్నా చూడలేదట.

ఈ సీజన్లో నాకు బాగా కోపం వచ్చిన రోజు కూడా ఇక్కడే. ఒక పెద్దాయన చేతుల మీదుగా పిల్లల్ని వదిలే కార్యక్రమం పెట్టారు, ఉదయం ఆరున్నరకు. రాత్రి వచ్చిన పిల్లల్ని అందుకోసం టబ్బుల్లో ఆపాం. ఆయన తొమ్మిది దాటాక వచ్చారు. ఎండ ఎక్కుతోంది, పిల్లలు టబ్బు గోడలు గోకి గోకి నీరసపడుతున్నాయి. పసిబిడ్డను పుట్టిన పూటే నిలబెట్టి సన్మానం చేస్తారా ఎవరైనా? మేం తడి గోనెలు కప్పుతూ, ఫొటోగ్రాఫరు వాటిని తీసేస్తూ. ఆయన వచ్చాక ఐదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత మా కోఆర్డినేటర్ మీద గట్టిగానే మాట్లాడాను. ఇలాంటివి చేస్తేనే వచ్చే ఏడాదికి అనుమతులు సులువుగా వస్తాయన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నా కోపమూ పోలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మర పడవలు ఆగిపోయాయి. ఉదయం నడకలో కళేబరాలు బాగా తగ్గాయి. నేను గీసిన పట్టికలో ఇంత కంటే స్పష్టంగా కనబడిన సంగతి ఇంకొకటి లేదు. మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు కాబట్టి పెద్దవాళ్లతో సమావేశాలు అప్పుడే పెట్టాం. వాళ్ల ధ్యాసంతా నిషేధ కాలపు భృతి మీద. ఆ ఏడు 10 వేల నుంచి 20 వేలకు పెంచారు, మా పక్క ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి వచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు జాబితాలో ఉందో లేదో చూసిపెట్టమని నా ఫోన్ చుట్టూ జనం. తాబేళ్ల గురించి నేను పది నిమిషాలు మాట్లాడితే, జాబితాలు చూడటానికి రెండు గంటలు. నన్ను అడిగితే సీజనంతటిలో ఊరితో నిజంగా దగ్గరైంది ఆ రెండేసి గంటల్లోనే.

అదే సమయంలో ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిపడింది. అమ్మ రోజుకు రెండు ఫోన్లు. రాత్రి పిల్లల్ని వదిలి, పగలు హేచరీ గుడిసెలో బయాలజీ కంటెంట్ పుస్తకం పట్టుకుని నిద్రపోయేదాన్ని.

మే నెలలో మిగిలింది మురికి పని. పిల్లలు వెళ్లిపోయిన ప్రతి గూడూ తవ్వి, ఖాళీ పెంకులు, కుళ్లిన గుడ్లు, సగం పెరిగి ఆగిపోయినవి వేరు చేసి లెక్క రాయాలి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అంటారు, పిల్లల వెంట పడి లెక్కపెట్టగలిగినవాళ్లు లేరు గనక అది అంచనాయే. మా చేతిలో ఉన్నది మాత్రం ఎన్ని పెడితే ఎన్ని పొదిగాయన్న లెక్క. జనవరిలో పెట్టిన గూళ్లకంటే మార్చి ఆఖరివి బాగా దెబ్బతిన్నాయి. ఎండ గుడ్డ రెండో పొర ఇంకో పది రోజుల ముందే వేయాల్సిందని నివేదికలో రాశాం.

నెలాఖరుకి కంచె పీకేసి, కర్రలు ఊళ్లో పంచేసి, గది ఖాళీ చేశాను. అనుభవ పత్రం జూన్ రెండో వారంలో మెయిల్లో వచ్చింది, నా ఇంటిపేరు తప్పు పడింది, సరిచేసి పంపడానికి ఇంకో మూడు వారాలు. మే నెల జీతం జూలైలో పడింది. ఖర్చులన్నీ పోగా సీజన్ మొత్తానికి చేతిలో మిగిలింది ముప్పై వేలకు అటూఇటూ. మార్చి పెట్రోలు బిల్లు ఇప్పటికీ రాలేదు. డీఎస్సీ రాశాను, ఉద్యోగం రాలేదు.

మా జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి: ప్రకటనలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. చేరేముందు రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి, జీతం ఏ తారీఖున పడుతుంది, పెట్రోలుకు నిజంగా ఎంత ఇస్తారు. తిమింగలాల మీద పరిశోధనే కావాలనుకునేవాళ్లు ఇది చేసి, ఆ తర్వాత విశాఖలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులకు ప్రయత్నించండి. ఆ డాల్ఫిన్ ఫారం చూపిస్తే ఒక చోట ఇంటర్వ్యూలో నన్ను పావుగంట దానిమీదే అడిగారు.

కోఆర్డినేటర్ పోయిన వారం ఫోన్ చేశాడు, డిసెంబరు నుంచి మళ్లీ వస్తావా అని. గది అద్దె సంస్థే ఇవ్వాలి, టబ్బుల్లో పిల్లల్ని ఆపే కార్యక్రమాలకు నేను రాను అన్నాను. మొదటిది పైవాళ్లని అడుగుతానన్నాడు, రెండోదానికి నవ్వాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.